దేశాల చదువు కూడు పెడుతుందా?

మన పేఠల్లో బిడ్డల చదువంటే ఇన్నాళ్లూ మూడు నాలుగు దారులే. మార్కులు బాగుంటే ఇంజనీరింగ్, ఆడపిల్లయితే నర్సింగో డి.ఎడ్డో, మిగిలినవాళ్లకు బి.కాం., చేతిపని మీద మనసుంటే ఐ.టి.ఐ. ఈ నాలుగైదేళ్లుగా ఇంకో మాట వినబడుతోంది. ఫోన్లలో కొరియా సీరియళ్లు, జపాన్ బొమ్మల కథలు చూస్తూ పెరిగిన పిల్లలు "నేను కొరియన్ స్టడీస్ చేస్తా", "జపాన్ గురించి చదువుతా" అంటున్నారు. ఆ చదువేమిటో తల్లిదండ్రులకు తెలియదు. తెలియనిదాన్ని కొందరు అక్కడికక్కడే కొట్టేస్తారు. ఇంకొందరు బిడ్డ మీద నమ్మకంతో అప్పు తెస్తారు. లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు.

నేను షోలాపూర్‌లో అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక టవల్ కార్ఖానాలో పద్దులు రాస్తాను. మా అక్క బిడ్డ బి.ఏ. హిస్టరీ చివరి ఏడులో ఉన్నప్పుడు జపాన్ చదువు చదువుతానని పట్టుబట్టింది. ఇంట్లో లెక్కలు వచ్చినదాన్ని నేనే కాబట్టి ఆ లెక్క వేసే పని నా మీద పడింది. ఆరు నెలలు అడిగి, చదివి, బ్యాంకుల చుట్టూ తిరిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. షోలాపూర్‌లోనే కాదు, భివండీలో, ముంబైలో, ఇంకెక్కడి మన ఇళ్లలోనైనా ఈ ప్రశ్న వస్తే పనికొస్తుందని.

ఏమిటీ చదువు?

ఏరియా స్టడీస్ అంటే ఒక దేశాన్నో, కొన్ని దేశాల ప్రాంతాన్నో పట్టుకుని దాని భాష, చరిత్ర, రాజకీయం, వ్యాపారం అన్నీ కలిపి చదవడం. జపాన్, చైనా, కొరియా కలిస్తే తూర్పు ఆసియా చదువు. అట్లాగే ఆఫ్రికా చదువు, పశ్చిమాసియా చదువు, లాటిన్ అమెరికా చదువు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇది బాగా పెరిగింది. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపాక, బయటి దేశాల గురించి తమకు తెలిసింది చాలదని అమెరికా ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1958లో ఒక చట్టం చేసి, పరాయి భాషలు నేర్పే కేంద్రాలకు డబ్బు ఇచ్చింది. అక్కడి యూనివర్సిటీల్లో మన దేశపు భాషల చదువు కూడా ఆ రోజుల్లోనే ఊపందుకుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో వెల్చేరు నారాయణరావుగారు ఏండ్ల తరబడి తెలుగు చెప్పారు. మన భాష కూడా ఒకరికి 'దేశాల చదువే'నన్న మాట.

మన దేశంలో 1955లో ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ పెట్టారు. అది 1970లో జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీలో కలిసింది. శాంతినికేతన్‌లో చీనా భవన్ అంతకన్నా ముందు, 1937 నుంచే ఉంది. ముంబై యూనివర్సిటీలో ఆఫ్రికా చదువుల కేంద్రం 1971లో మొదలైంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల కేంద్రం ఉంది.

మన షోలాపూర్‌కు ఇది అంత కొత్త కూడా కాదు. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఈ ఊరివాడే. 1910లో ఇక్కడ పుట్టి, 1938లో వైద్య బృందంతో చైనా వెళ్లి, యుద్ధంలో గాయపడ్డవాళ్లకు ఆపరేషన్లు చేస్తూ 1942 డిసెంబరులో అక్కడే చనిపోయాడు. ఆయన పేరు మీద ఊళ్లో స్మారకం ఉంది. చైనా నుంచి పెద్దవాళ్లు వస్తే అక్కడికి వెళ్లి దండం పెట్టి పోతారు. కోట్నీస్ డాక్టరీ చదివి చైనాకు వెళ్లాడు, అక్కడ చైనా భాష నేర్చుకున్నాడు. రెండూ ఉన్నాయి కాబట్టే అక్కడివాళ్లకు దగ్గరయ్యాడు. చేతిలో ఒక పని, నోట్లో ఒక భాష. ఈ జంట మాటను గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఖర్చు: ఒకే చదువుకు నాలుగు ధరలు

నాకు మొదట తెలిసిన సంగతి ఏమిటంటే, ఈ చదువుకు ఒక ధర అంటూ లేదు. ఏ దారిన వెళ్తామన్నదాన్ని బట్టి ధర మారుతుంది.

మొదటి దారి సర్కారు యూనివర్సిటీ. జె.ఎన్.యు.లో ఇంటర్నేషనల్ రిలేషన్స్ అండ్ ఏరియా స్టడీస్ ఎం.ఏ. ఉంది. ఢిల్లీ యూనివర్సిటీలో తూర్పు ఆసియా చదువుల ఎం.ఏ. ఉంది. రెండింటికీ సీయూఈటీ పీజీ పరీక్ష రాయాలి. జె.ఎన్.యు.లో ఏడాది ట్యూషన్ ఫీజు వందల రూపాయల్లోనే ఉంటుంది. నమ్మశక్యం కాకపోయినా నిజం. అసలు ఖర్చు ఉండడానికి, తినడానికి. అక్కడ చదివే పిల్లలను అడిగి నేను వేసిన అంచనా: హాస్టల్ దొరికితే అన్నీ కలిపి నెలకు 7,000, దొరక్కపోతే గది పంచుకున్నా 15,000. రెండేళ్లకు 1,68,000 నుంచి 3,60,000 రూపాయలు.

రెండో దారి పూర్తి స్కాలర్‌షిప్‌తో విదేశం. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్‌ట్ స్కాలర్‌షిప్‌కు వాళ్ల ఎంబసీ ద్వారా దరఖాస్తు చేయాలి. ఫీజు ఉండదు, విమానం ఖర్చు ఇస్తారు, నెలకు లక్షకు పైగా యెన్లు చేతికిస్తారు. కొరియా ప్రభుత్వపు జి.కె.ఎస్. కూడా ఇంచుమించు ఇట్లాంటిదే. ముందు ఏడాది భాష నేర్పి, తర్వాత డిగ్రీలో కూర్చోబెడతారు. దానికి చదివిన చదువులో 80 శాతం మార్కులు కావాలి. పోటీ గట్టిది, సీట్లు కొద్ది. కానీ మనకు ఖర్చు పాస్‌పోర్టు, కాగితాలు, ప్రయాణాలు, అంతే.

మూడో దారి సొంత డబ్బుతో విదేశం. జర్మనీలో చాలా సర్కారు యూనివర్సిటీల్లో ఫీజు ఉండదని మనవాళ్లు చెప్పుకుంటారు. అది నిజమే, కానీ అంతటా కాదు. దక్షిణాసియా చదువుకు పేరున్న హైడెల్‌బర్గ్ ఉన్న రాష్ట్రంలో బయటి దేశాల పిల్లల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. ఫీజు లేని చోట కూడా వీసాకు ముందే ఏడాది తిండి ఖర్చు కింద 11,904 యూరోలు ఖాతాలో వేసి చూపాలి. మన డబ్బులో పది లక్షల పైమాటే. లండన్‌లో ఒక్క ఏడాది ఎం.ఏ.కి ఫీజే ఇరవై వేల పౌండ్లు దాటుతుంది.

నాలుగో దారి డిగ్రీ సంగతి తర్వాత, ముందు భాష. పూణెలో రానడే ఇన్‌స్టిట్యూట్ అని అందరూ పిలిచే యూనివర్సిటీ విదేశీ భాషల విభాగంలో జర్మన్, ఫ్రెంచ్, రష్యన్, జపనీస్ సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి. మ్యాక్స్ ముల్లర్ భవన్‌లో జర్మన్ నేర్పుతారు. హైదరాబాదులో ఇఫ్లూ ఉంది, అక్కడ విదేశీ భాషల్లోనే డిగ్రీలు చేయవచ్చు. ఈ దారి ఖర్చు వేలల్లో తేలుతుంది. ఉన్న పని చేసుకుంటూనే నేర్చుకోవచ్చు.

ఈ నాలుగింటిలోనూ కనబడని ఖర్చు ఇంకొకటి ఉంది. చదివే రెండేళ్లు బిడ్డ సంపాదించదు. మా కార్ఖానా ఆఫీసులో కొత్తగా చేరిన డిగ్రీ పిల్లకు పగారు నెలకు 12,000. రెండేళ్లకు 2,88,000 రూపాయలు. ఫీజు లేని చదువుకు కూడా ఈ ధర మనం కడుతున్నాం. బీడీలు చుట్టే తల్లి, సాంచెల మీద నిలబడే తండ్రి ఉన్న ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

మా ఇంట్లో వేసిన లెక్క

మా అక్కావాళ్లు బీడీ కార్మికుల ఘర్కుల్‌లో ఉంటారు. ఆ ఇంటి హప్తాలు అక్క బీడీల పైసలతోనే కట్టింది. బావ ఇరవై ఏళ్లుగా రాత్రిపాళిలో సాంచెలు నడుపుతున్నాడు. మేనకోడలు పెద్దది. దాని వెనక ఇంకా ఇద్దరున్నారు.

ఒక కన్సల్టెన్సీ అతను ఇంటికి వచ్చి లండన్‌లో ఏడాది ఎం.ఏ. సీటు ఖాయమన్నాడు. "ఇంటి కాగితాలు పెడితే లోన్ మేమే ఇప్పిస్తాం, చదువయ్యాక రెండేండ్లల్ల తీరిపోతది" అన్నాడు. ఫీజు, గది, తిండి, వీసా, విమానం అన్నీ రాసి కూడితే నాకు నలభై లక్షలు దాటింది.

వడ్డీ లెక్క బావకు అర్థమయ్యేట్టు పది లక్షల చొప్పున వేసి చూపించాను. పది లక్షలు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు. చదివే ఏడాది, ఆ తర్వాత ఇచ్చే ఏడాది, ఈ రెండేళ్లు కిస్తీ ఉండదు కానీ వడ్డీ ఆగదు. ఆ 2,10,000 అసలులో కలుస్తుంది. అప్పుడు నెల కిస్తీ సుమారు 16,300. నలభై లక్షలకు నెలకు 65,000 పైన, పదేళ్లు. అక్కడ ఉద్యోగం దొరికితే కట్టవచ్చు. దొరక్క షోలాపూర్‌కో పూణెకో తిరిగొస్తే? జపాన్ చరిత్రలో ఎం.ఏ. చేసి వచ్చిన కొత్త పిల్లకు నెలకు 65,000 మిగిలే పగారు ఇక్కడ ఎవరిస్తారు? ఆ ఒక్క ప్రశ్నకు కన్సల్టెన్సీ అతను జవాబు చెప్పలేదు. వేరే పిల్లల ఫోటోలు చూపించాడు.

బావ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి అన్నాడు: "నా బిడ్డ లండన్ పోతనంటే నేనెందుకు వద్దంట? కానీ ఇల్లు పోతే ఆ ఇద్దరిని ఎక్కడ పెట్టాలె?"

మేనకోడలు ఏడవలేదు, అలగలేదు. నన్ను ఒకటే అడిగింది: "చిన్నమ్మా, మనలాంటోళ్లు నౌకరి కోసమే చదవాల్నా? ఇష్టమని చదువుడు తప్పా?"

దీనికి నేను చెప్పిన జవాబు ఇది. తప్పు కాదు. మన గల్లీలకు బయటి యూనివర్సిటీల పిల్లలు వచ్చి, బీడీ కార్మికుల మీద, నేతగాళ్ల మీద నోట్‌బుక్కులు నింపుకుని పోతారు. తాతల కాలంలో తెలంగాణ నుంచి మనం ఎందుకొచ్చామో, ఎట్లా బతికామో వాళ్లు రాస్తే మనం చదవాలి. మన పిల్ల కూడా అట్లా ఇంకో దేశం వెళ్లి, అక్కడి నేతగాళ్ల గురించి రాస్తే నాకు గర్వమే. ఇష్టానికి నేను అడ్డం కాదు. ఆ ఇష్టం పేరు చెప్పి తల్లి ఇంటి మీద అప్పు పుట్టించడానికే అడ్డం.

ఆ రాత్రి నలుగురం కూర్చుని మూడు మాటలు కాగితం మీద రాసుకున్నాం. ఒకటి, ఇంటి కాగితాలు పెట్టెలోంచి బయటికి రావు. రెండు, ఏడాది ముందు భాష నేర్చుకోవాలి. ఏడాది తర్వాత కూడా మనసు అక్కడే ఉంటే ఎం.ఏ. మూడు, ఎం.ఏ. సర్కారు యూనివర్సిటీలోనే, బయటి దేశమైతే పూర్తి స్కాలర్‌షిప్‌తోనే.

వచ్చేది ఎంత?

ఇప్పుడు రెండో పలక చూద్దాం. ఈ చదువు చదివినవాళ్లు ఏమవుతారు?

పాఠం చెప్పే దారి ఒకటి. ఎం.ఏ. అయ్యాక యూజీసీ నెట్ రాయాలి. జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధనకు మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, దాని మీద ఇంటి అద్దె భత్యం. అది రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో పి.హెచ్‌డి. పిల్లలకు ఇచ్చేది నెలకు 8,000. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పర్మనెంటు పోస్టు దొరికితే మూల వేతనమే 57,700తో మొదలు. కానీ ఎం.ఏ. రెండేళ్లు, పి.హెచ్‌డి. ఐదేళ్లు వేసుకుంటే ఇరవై ఒక్కేళ్ల పిల్లకు ఇరవై ఎనిమిది వస్తాయి. ఈ విభాగాలున్న యూనివర్సిటీలు దేశంలో కొన్నే. పోస్టు కోసం గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. ఇంటికి వెంటనే పైసలు కావలసినవాళ్లకు ఈ దారి కష్టం.

విదేశాంగ సర్వీసు ఇంకో దారి అని చాలామంది అనుకుంటారు. దానికి యు.పి.ఎస్.సి. సివిల్స్ రాయాలి. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, ఈ చదువుకు ప్రత్యేకం మార్కులేమీ లేవు. విదేశీ భాష సెలెక్టయ్యాక వాళ్లే నేర్పిస్తారు. సివిల్స్ రాయాలన్న పట్టుదల ఉంటే రాయనివ్వండి, కానీ దాని కోసం లక్షలు పోసి విదేశీ ఎం.ఏ. అక్కర్లేదు.

మూడోది కంపెనీల దారి. ఇక్కడ డిగ్రీ పేరును ఎవరూ అడగరు, భాష ఎంత వచ్చో అడుగుతారు. జపనీస్‌కు జె.ఎల్.పి.టి. పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లున్నాయి, ఎన్5 అన్నిటికన్నా సులువు. జర్మన్‌కు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు. కింది మెట్టు సర్టిఫికెట్‌తో ఉద్యోగం రాదు. జపనీస్‌కు కనీసం ఎన్3, మంచి పనికి ఎన్2 కావాలి. పని చేసుకుంటూ నేర్చుకుంటే ఎన్3కు రెండేళ్లు ఎట్లాగూ పడతాయి. పూణె చుట్టుపక్కల జపాన్, జర్మనీ కంపెనీలు ఉన్నాయి. ఆంధ్రాలో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ కొరియావాళ్లది, 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. శ్రీసిటీలో జపాన్ కంపెనీలు ఉన్నాయి. అట్లాంటి చోట పైనున్న ఇంజనీరుకు కొరియన్ వస్తుంది, లైనులో ఉన్న పనివాడికి తెలుగు వస్తుంది. మధ్యలో రెండూ వచ్చిన దుబాసీ కావాలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడే మన పిల్లలకు ఇంకో భాష పట్టడం మిగిలినవాళ్లకంటే సులువు. దీన్ని మనం ఆస్తిగా లెక్కపెట్టం కానీ ఇది ఆస్తే.

కోట్నీస్ దగ్గర చెప్పిన జంట మాట ఇక్కడే పనికొస్తుంది. ఉత్త భాష వచ్చినవాళ్లకంటే భాషతో పాటు ఒక పని వచ్చినవాళ్లకు గిరాకీ ఎక్కువ. నర్సింగ్ చేసి జర్మన్ నేర్చుకున్న పిల్ల, ఐ.టి.ఐ. చేసి జపనీస్ నేర్చుకున్న పిల్లవాడు, పద్దులు తెలిసి కొరియన్ వచ్చినవాళ్లు నిలబడతారు. మా మేనకోడలిని మధ్యాహ్నాలు మా ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ కాగితాల పనికి పెట్టించాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ రాయడం నేర్చుకుంది. ఒకసారి జపాన్‌కు వెళ్లే టవళ్ల లేబుల్ నమూనా ప్రెస్సు నుంచి వస్తే చూసి, అక్షరాలు తలకిందులుగా అచ్చయ్యాయని చెప్పింది. ఆఫీసులో ఇంకెవరికీ తెలియలేదు, అందరికీ అవి బొమ్మల్లాగే కనబడ్డాయి. ఆ రోజు సేఠ్ మొదటిసారి దాని పేరు అడిగాడు.

దొరికే సాయం

డబ్బు మాట వచ్చింది కాబట్టి, అడిగితే దొరికేవి కొన్ని చెబుతాను.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. తల్లి బీడీ కార్డు ఉండాలి. బడి పిల్లల నుంచి డిగ్రీ పిల్లల దాకా వస్తుంది. మొత్తం చిన్నదే, కానీ పరీక్ష ఫీజులకు, పుస్తకాలకు ఆసరా.

అప్పు తప్పదంటే 2024 నవంబరులో కేంద్రం మంజూరు చేసిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం చూడండి. జాబితాలో ఉన్న మంచి సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, జామీను లేకుండా లోన్ ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపుంటే, పది లక్షల వరకు అప్పు మీద, కిస్తీ మొదలయ్యేదాకా వడ్డీలో 3 శాతం తగ్గింపు ఉంది. ఇది మన దేశంలోని సంస్థలకే. విదేశం చదువుకు వర్తించదు. మామూలు విద్యా రుణంలో కూడా ఏడున్నర లక్షల వరకు బ్యాంకు తాకట్టు అడగకూడదన్నది పద్ధతి. అంతకు మించితేనే ఇంటి కాగితాల మాట వస్తుంది. కాబట్టి ఎవరైనా మొదటి రోజే ఇంటి కాగితాలు అడిగితే ఆ మొత్తం మన తాహతుకు మించిందని గుర్తు.

మహారాష్ట్రలో మన పద్మశాలీలకు రాష్ట్రం ఇచ్చేది ఎస్.బి.సి. సర్టిఫికెట్. ఢిల్లీ, హైదరాబాదుల్లోని సెంట్రల్ యూనివర్సిటీలకు అది చెల్లదు. వాళ్లకు కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ కాగితం కావాలి. కేంద్ర జాబితాలో మన కులం పేరు ఎట్లా రాసి ఉందో చూసుకుని, అదే అక్షరాలతో తీసుకోండి.

బిడ్డ అడిగినప్పుడు

ఇట్లాంటి చదువు అడిగిన బిడ్డను ముందు ఆ దేశపు అక్షరాలు నేర్చుకోమనండి. ఆరు నెలలు నిలిస్తే అది సీరియళ్ల మోజు కాదు. తర్వాత ఆ చదువు చదివిన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించండి, ఎంత పగారు, ఎన్నేళ్లకు వచ్చింది అని సూటిగా అడగమనండి. కన్సల్టెన్సీవాళ్ల మాట ఈ రెండూ అయ్యాకే వినండి. ఒప్పుకునే ముందు నెల కిస్తీ ఒక పక్క, ఇక్కడికి తిరిగొస్తే దొరికే పగారు ఇంకో పక్క రాయండి. కిస్తీ ఆ పగారులో మూడో వంతు దాటితే ఆ దారి వద్దు, వేరే దారి వెతకండి. చదువే వద్దనకండి.

మా మేనకోడలు డిసెంబరులో పూణె వెళ్లి ఎన్5 రాసి పాసయింది. ఇప్పుడు ఎన్4 పుస్తకం పట్టింది. సీయూఈటీ పీజీ రాసింది, సీటు సంగతి ఇంకా తేలలేదు. ఢిల్లీలో వస్తే రెండేళ్ల ఖర్చుకు అక్క, నేను చెరికొంత చిట్టీ వేశాం. రాకపోతే ఆఫీసు పని చేసుకుంటూ ఎన్3 దాకా వెళ్తుంది, వచ్చే ఏడు జపాన్ స్కాలర్‌షిప్‌కు పెడుతుంది. రెండింటికీ ఇల్లు సిద్ధంగానే ఉంది.

జె.ఎల్.పి.టి. ఏడాదికి రెండుసార్లు, జులైలో, డిసెంబరులో జరుగుతుంది. ఫారాలు పరీక్షకు నెలల ముందే మూసేస్తారు. పాస్‌పోర్టు, ఆదాయం కాగితం, నాన్ క్రీమీ లేయర్ ఇవన్నీ సీటు వచ్చాక పరుగెత్తితే అందవు. ఇంట్లో చివరి ఏడు డిగ్రీ చదివే బిడ్డ ఉంటే ఈ నెలలోనే మొదలుపెట్టండి.